లైట్ విండోస్ వేశాక ‘ఫైల్ మిస్సింగ్’ అంటోందా? పాడైందా, తీసేశారా అన్నది ముందు తేల్చుకోండి

పాత కంప్యూటర్ స్లో అయిందని ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ‘లైట్’ విండోస్ వేయించుకుంటారు. మొదటి వారం బాగానే పరుగెడుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటి మొదలవుతాయి. ఒక సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే ఫలానా డీఎల్‌ఎల్ ఫైల్ లేదంటుంది. ప్రింటర్ కనపడదు. అప్‌డేట్ పేజీ తెరిస్తే ఖాళీగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే అందరూ ఒకటే మందు చెబుతారు: ఎస్‌ఎఫ్‌సి కమాండ్ కొట్టండి, డిస్మ్ కమాండ్ కొట్టండి. రెండూ కొట్టినా తగ్గదు. ఎందుకు తగ్గదో, అప్పుడు ఏం చేయాలో ఈ ఆర్టికల్‌లో వరుసగా చూద్దాం.

ఈ సమస్య ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో పాటు టీపీఎం 2.0 చిప్, లిస్టులో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో నడుస్తున్న చాలా కంప్యూటర్లు అంతకంటే పాతవి. అందుకే చాలామంది చూపు కోసి తగ్గించిన విండోస్ మీదకు పోతోంది.

ఉదాహరణకు పల్నాడు జిల్లా ముప్పాళ్ళలో ఈమధ్య నేను చూసిన ఒక షాపు కంప్యూటర్‌నే తీసుకుంటాను. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, దాని మీద ఎవరో వేసిన లైట్ విండోస్ 10. జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, 1బి, అడంగల్ కాపీలు, శుభలేఖలు అన్నీ దాని మీదే. అది ఆగితే ఆ రోజు షాపు ఆగినట్టే. ఓనర్ చెప్పిన కంప్లైంట్లు నాలుగు.

1. కొత్తగా వేసిన ఫొటో సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్ దొరకలేదు’ అంటోంది.
2. పాత తెలుగు వర్డ్ ఫైళ్లు తెరిస్తే అక్షరాల రూపం మారిపోయి, లైన్లు పక్క పేజీలోకి జరుగుతున్నాయి.
3. ప్రింటర్ యాడ్ చేయబోతే ‘ప్రింట్ స్పూలర్ సర్వీస్ నడవడం లేదు’ అంటోంది.
4. విండోస్ అప్‌డేట్ అసలు పని చేయడం లేదు.

ఆయన దృష్టిలో ఈ నాలుగింటికీ కారణం ఒక్కటే, ‘ఫైళ్లు పోయాయి’. కానీ ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. మొదటిది విండోస్‌లో ఎప్పుడూ లేని ఫైల్. రెండోది విండోస్‌లో ఉండదగినదే, కానీ అడిగితేనే వచ్చేది. మూడోది ఉంది, ఆపేసి పెట్టారు. నాలుగోది మాత్రమే నిజంగా పీకేసింది. ఈ తేడా తెలియకుండా ఏ కమాండ్ కొట్టినా గుడ్డెద్దు చేలో పడినట్టే.

లైట్ విండోస్‌ను ఎలా తయారు చేస్తారు?

విండోస్ ఐఎస్‌ఓ ఫైల్ తెరిస్తే లోపల ‘సోర్సెస్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘ఇన్‌స్టాల్ డాట్ విమ్’ లేదా ‘ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీ’ అనే పెద్ద ఫైల్ ఉంటుంది. విండోస్ మొత్తం దానిలోనే చుట్టి పెట్టి ఉంటుంది. లైట్ వెర్షన్ చేసేవాళ్లు ఆ ఫైల్‌ను విప్పి, తమకు అక్కర్లేదనుకున్నవి తీసేసి, మళ్లీ చుట్టేస్తారు.

ఇది కొత్త పని కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ‘ఎన్‌లైట్’ అనే టూల్ ఉండేది, విస్టాకు ‘వీలైట్’ వచ్చింది, ఆ తర్వాత వచ్చినది ‘ఎన్‌టీలైట్’. విండోస్ 11 వచ్చాక ‘టైనీ11’ పేరు బాగా వినిపించింది. దాన్ని చేసిన డెవలపర్ ఆ పని చేసే స్క్రిప్ట్‌ను కూడా బయట పెట్టారు, అంటే మైక్రోసాఫ్ట్ ఐఎస్‌ఓ తెచ్చుకుని మనమే తగ్గించుకోవచ్చు.

తీసేయడంలో మూడు లోతులు ఉంటాయి.

పైపైన: గేమ్స్, వాతావరణం, న్యూస్ లాంటి స్టోర్ యాప్‌లు తీసేయడం. దీనివల్ల పెద్ద నష్టం లేదు, కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు.

మధ్యలో: ప్రింటర్ డ్రైవర్లు, మీడియా ఫీచర్లు, భాషల ఫైళ్లు, డిఫెండర్, విండోస్ అప్‌డేట్ లాంటి భాగాలు తీసేయడం. ఇక్కడినుంచి ఇబ్బందులు మొదలవుతాయి.

అట్టడుగున: సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద ఉండే ‘విన్‌ఎస్ఎక్స్ఎస్’ ఫోల్డర్‌నే కోసేయడం. మన అసలు సమస్య ఇదే.

విన్‌ఎస్ఎక్స్ఎస్ అంటే నారుమడి

చాలామందికి ఈ ఫోల్డర్ మీద కోపం. సైజు చూస్తే జీబీల్లో చూపిస్తుంది, ఎందుకో తెలియదు. నిజానికి ఇది విండోస్ భాగాలన్నీ దాచిపెట్టే స్టోర్. సిస్టమ్32 ఫోల్డర్‌లో మనకు కనిపించే ఫైళ్లలో చాలావరకు దీనిలోని ఫైళ్లకే ఇంకో పేరు. ఒకే ఫైల్ రెండు చోట్ల కనిపిస్తుంది, డిస్కులో చోటు మాత్రం ఒక్కసారే పడుతుంది. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే సైజు అంతా అదనపు భారం కాదు.

మన వైపు మిర్చి వేసేవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. చేలో కొన్ని మొక్కలు చనిపోతే, నారుమడిలో మిగిల్చిన నారు తెచ్చి ఆ ఖాళీల్లో నాటుతాం. విన్‌ఎస్ఎక్స్ఎస్ ఆ నారుమడి. సిస్టమ్32లో ఒక ఫైల్ పాడైతే రిపేర్ కమాండ్ మంచి కాపీని ఇక్కడినుంచే తెస్తుంది. లైట్ విండోస్ చేసినవాళ్లు చోటు కలిసొస్తుందని నారుమడినే దున్నేస్తే, ఖాళీ పూడ్చడానికి నారు ఎక్కడినుంచి వస్తుంది?

టైనీ11లోనే ‘కోర్’ అనే ఇంకా చిన్న వెర్షన్ ఉంది. అందులో ఈ స్టోర్‌ను తగ్గించేస్తారు కాబట్టి తర్వాత అప్‌డేట్లు, భాషలు, ఫీచర్లు యాడ్ చేయలేరని, అది రోజువారీ వాడకానికి కాదు, టెస్టింగ్‌కేనని దాన్ని చేసిన డెవలపరే చెప్పారు. ఈ మాట పెన్‌డ్రైవ్‌తో పాటు చేతులు మారదు, అక్కడే చిక్కు.

ఏదైనా ముట్టుకునే ముందు బ్యాకప్

రిపేర్ మొదలుపెట్టాక మధ్యలో బూట్ కాకుండా పోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. షాపు కంప్యూటర్ అయితే ముందు వీటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి.

- డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు. డి డ్రైవ్‌లో ఉన్నాయిలే అని వదిలేయకండి, హార్డ్ డిస్కే పోతే రెండూ పోతాయి.
- విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్. పాత డీటీపీ ఫాంట్లు అక్కడే ఉంటాయి.
- అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్, బ్రౌజర్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు.
- ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్ మోడల్ పేర్లు ఒక కాగితం మీద.
- బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ. ఇది లేకపోతే డేటా చేతిలో ఉండి కూడా తెరుచుకోదు.

ఇప్పుడు ఆ నాలుగు కంప్లైంట్లను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది: విండోస్‌లో ఎప్పుడూ లేని ఫైల్

వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్‌ఎల్ ఫైళ్లు ‘విజువల్ సి++ రీడిస్ట్రిబ్యూటబుల్’ అనే ప్యాకేజీలోవి. ఒరిజినల్ విండోస్ కొత్తగా వేసిన కంప్యూటర్‌లో కూడా ఈ ఎర్రర్ రావచ్చు. దీనికి లైట్ విండోస్‌ను తిట్టి లాభం లేదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆ ప్యాకేజీ దించి వేస్తే సరిపోతుంది. 64 బిట్ విండోస్ అయినా ఎక్స్86, ఎక్స్64 రెండూ వేయండి. ఎందుకంటే 32 బిట్ సాఫ్ట్‌వేర్ తన 32 బిట్ డీఎల్‌ఎల్‌నే అడుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ డీఎల్‌ఎల్ పేరు గూగుల్‌లో కొడితే ‘ఒక్క ఫైల్ డౌన్‌లోడ్ చేసి సిస్టమ్32లో పడేయండి’ అనే సైట్లు వరుసగా వస్తాయి. ఆ పని చేయకండి. ఆ ఫైల్ ఎవరు పెట్టారో తెలియదు, ఏ వెర్షనో తెలియదు. పైగా ఇందులో ఒక తిరకాసు ఉంది: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, ‘సిస్‌వావ్64’ అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. పేర్లు తిరగేసినట్టు ఉంటాయి. తప్పు చోట తప్పు ఫైల్ పడితే మిస్సింగ్ ఎర్రర్ పోయి ఇంకో కొత్త ఎర్రర్ వస్తుంది.

ఇదే కోవలో డాట్‌నెట్ 3.5 కూడా ఉంది. విండోస్ 10లో దాని పేరు ఫీచర్ల లిస్టులో కనిపిస్తుంది కానీ ఫైళ్లు డిస్కులో ఉండవు. ఆన్ చేసినప్పుడు అప్‌డేట్ నుంచి గానీ, ఐఎస్‌ఓలోని సోర్సెస్ కింద ఉండే ‘ఎస్ఎక్స్ఎస్’ ఫోల్డర్ నుంచి గానీ రావాలి. అప్‌డేట్ పీకేసిన విండోస్‌లో అది రాదు. ఎంఎఫ్‌ప్లాట్ డీఎల్‌ఎల్ లేదంటే మాత్రం మీడియా ఫీచర్లు లేవని అర్థం. విండోస్ ‘ఎన్’ ఎడిషన్లలో మామూలుగానే ఉండవు, లైట్ వెర్షన్లలో తీసేసి ఉంటారు.

రెండోది: తెలుగు అక్షరాలు మారిపోవడం

ఇది మన భాషవాళ్లకే ప్రత్యేకం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తెలుగు తేడాగా కనిపిస్తే, ఎలా తేడాగా ఉందో చూస్తే చాలు, కారణం పట్టేయొచ్చు.

డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే: యూనికోడ్ తెలుగు ఫాంట్ ఏదీ లేదు.

అక్షరాలు ఉన్నాయి కానీ వత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే: ఫాంట్ ఉంది, అక్షరాలను కలిపే ఇంజిన్ పని చేయడం లేదు. ఎక్స్‌పీలో ఆ పని యూఎస్‌పీ10 డీఎల్‌ఎల్ చేసేది.

అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే: అది యూనికోడ్ కాదు, అను లాంటి పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన మేటర్. ఆ ఫాంట్ వేస్తే చదవగలుగుతారు. టైప్ చేయాలంటే దాని కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ కూడా కావాలి.

తెలుగు చక్కగానే ఉంది కానీ రూపం మారి లైన్లు జరిగితే: ఫైల్‌లో వాడిన ఫాంట్ లేక విండోస్ ఇంకో తెలుగు ఫాంట్ పెట్టింది.

ఎక్స్‌పీ కాలంలో ఇది చాలామందిని ఏడిపించింది. గౌతమి ఫాంట్ విండోస్‌తో వచ్చింది ఎక్స్‌పీతోనే. అయితే తెలుగు కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ భాషల టిక్ పెట్టాలి. టిక్ పెట్టగానే విండోస్ సీడీ అడిగేది, సీడీలోని ఐ386 కింద ‘ల్యాంగ్’ ఫోల్డర్ నుంచి ఫైళ్లు తీసుకునేది. ఎన్‌లైట్‌తో భాషలన్నీ తీసేసి చేసిన సీడీలో ఆ ఫోల్డరే ఉండదు. ఫలానా ఫైల్ ఎక్కడుందో చూపించమని కంప్యూటర్ అడుగుతూనే ఉండేది, చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండేది కాదు. సీడీ తయారు చేసినవాళ్లకు తెలుగు ‘అక్కర్లేనిది’. మనకు అదే బతుకుదెరువు.

ఇప్పటి విండోస్‌లో కథ కొంచెం మారింది. విండోస్ 7లో వాణి ఫాంట్, విండోస్ 8లో నిర్మలా యూఐ వచ్చాయి. విండోస్ 10, 11లలో నిర్మలా యూఐ అందరికీ ఉంటుంది. గౌతమి, వాణి మాత్రం ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే ఆప్షనల్ ఫీచర్‌లోకి వెళ్లాయి. సెట్టింగ్స్‌లో తెలుగు భాష యాడ్ చేసినప్పుడు గానీ, ఆప్షనల్ ఫీచర్స్‌లో ఈ పేరు వెతికి విడిగా వేసుకున్నప్పుడు గానీ వస్తాయి. ముప్పాళ్ళ కంప్యూటర్‌లో జరిగింది ఇదే. ఫైళ్లు గౌతమిలో కొట్టినవి, విండోస్ వాటిని నిర్మలాలో చూపించింది, నిర్మలా అక్షరాల కొలతలు వేరు కాబట్టి లైన్లు జరిగాయి. ఒరిజినల్ విండోస్‌లో అయితే రెండు నిమిషాల పని. కానీ ఈ ఫీచర్ వచ్చేది విండోస్ అప్‌డేట్ దారిలోనే. ఇక్కడ ఆ దారి మూసేసి ఉంది. అంటే రెండో కంప్లైంట్ నాలుగోదానికి ముడిపడి ఉంది.

మూడోది: లేదా, ఆపేశారా?

ప్రింట్ స్పూలర్ విషయంలో ఒక చిన్న పరీక్ష చాలు. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరవండి. లిస్టులో ప్రింట్ స్పూలర్ ఉందా? ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చేసి, ‘డిసేబుల్డ్’ అని ఉంటే ‘ఆటోమేటిక్’ చేసి స్టార్ట్ నొక్కండి. చాలా లైట్ విండోస్‌లలో స్పీడ్ కోసం సర్వీసులను ఇలా ఆపేసి పెడతారు. ఈ షాపులోనూ అంతే, స్టార్ట్ నొక్కగానే ప్రింటర్ వచ్చింది.

లిస్టులో పేరే లేకపోతే అది వేరే కథ. ఎర్రర్ నంబర్ కూడా ఇదే సంగతి చెబుతుంది. 1058 వస్తే సర్వీస్ ఉంది, డిసేబుల్ చేశారు. 1060 వస్తే ఆ సర్వీసే కంప్యూటర్‌లో లేదు. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకుంటే సగం టైమ్ ఆదా అవుతుంది.

ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్లకు ఇంకో మాట. డ్రైవర్లు సిస్టమ్32లోని ‘డ్రైవర్‌స్టోర్’ ఫోల్డర్‌లో ఉంటాయి. లైట్ వెర్షన్లలో దీన్ని బాగా కత్తిరిస్తారు, అందుకే ఒరిజినల్‌లో పెట్టగానే పనిచేసే ప్రింటర్ ఇక్కడ పనిచేయదు. కంపెనీ సైట్ నుంచి పూర్తి డ్రైవర్ దించి వేస్తే ఎక్కువసార్లు సరిపోతుంది.

నాలుగోది: నిజంగా తీసేసింది

ఇప్పుడు కమాండ్‌ల సంగతి. స్టార్ట్‌లో ‘సీఎండీ’ అని వెతికి, కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. కమాండ్‌లను ఫోన్‌లో ఒకరికి చెప్పినట్టు పలికే తీరులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ప్రతి / గుర్తుకు ముందు ఒక స్పేస్ ఇవ్వాలి.

స్టెప్ 1: డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /స్కాన్‌హెల్త్. డిస్మ్ అంటే డి, ఐ, ఎస్, ఎం అనే నాలుగు అక్షరాలు. ఇది స్టోర్ బాగుందో లేదో చూసి చెబుతుంది, ఏమీ మార్చదు.

స్టెప్ 2: డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్. ఇది స్టోర్‌ను బాగు చేస్తుంది. మంచి కాపీల కోసం మామూలుగా విండోస్ అప్‌డేట్‌నే అడుగుతుంది.

స్టెప్ 3: ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ. ఇది స్టోర్‌లోని మంచి కాపీలతో సిస్టమ్ ఫైళ్లను సరిచూసి, పాడైనవి మారుస్తుంది.

ఈ వరుస ముఖ్యం. స్టోర్ పాడై ఉండగా ఎస్‌ఎఫ్‌సి కొడితే చెడ్డ నారుతోనే ఖాళీలు పూడ్చినట్టు.

చాలామంది మోసపోయేది ఎస్‌ఎఫ్‌సి రిజల్ట్ దగ్గర. ముప్పాళ్ళ కంప్యూటర్‌లో ఎస్‌ఎఫ్‌సి ‘ఏ లోపమూ దొరకలేదు’ అని చూపించింది. అప్‌డేట్ సర్వీసే లేని విండోస్‌లో లోపం లేకపోవడం ఏంటి? ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సి, స్టోర్‌లో ఉన్న లిస్టు ప్రకారం ఉండాల్సిన ఫైళ్లనే చూస్తుంది. ఒక భాగాన్ని లిస్టుతో సహా తీసేస్తే, అది ఉండాలన్న సంగతే దానికి తెలియదు. హాజరుపట్టీలో పేరు కొట్టేసిన పిల్లాడు రాలేదని ఏ టీచరూ అడగరు కదా. కాబట్టి కోసిన విండోస్‌లో ఎస్‌ఎఫ్‌సి ‘అంతా ఓకే’ అన్నదంటే, మిగిలినవి బాగున్నాయని మాత్రమే అర్థం. ఏదీ పోలేదని కాదు.

రీస్టోర్‌హెల్త్ కొడితే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అనే ఎర్రర్ వచ్చింది. దీని అర్థం ‘సోర్స్ ఫైళ్లు దొరకలేదు’. అంటే బాగు చేయడానికి సరుకు లేదు. అప్పుడు సరుకు మనమే చూపించాలి.

ఒరిజినల్ ఐఎస్‌ఓను సోర్స్‌గా ఇవ్వడం

ముందు రన్ బాక్స్‌లో ‘విన్‌వర్’ అని కొట్టి మీ విండోస్ వెర్షన్, బిల్డ్ నంబర్ రాసుకోండి. హోమా, ప్రోనా, 32 బిటా, 64 బిటా, భాష ఏది అన్నవి కూడా కావాలి. వీటన్నిటికీ సరిపోయే ఐఎస్‌ఓను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఆ డ్రైవ్ అక్షరం ఈ అనుకుందాం.

ఒకే ఐఎస్‌ఓలో హోమ్, ప్రో లాంటి ఎడిషన్లు చాలా ఉంటాయి, ఒక్కోదానికి ఒక ఇండెక్స్ నంబర్. అది తెలియాలంటే: డిస్మ్ /గెట్-విమ్‌ఇన్ఫో /విమ్‌ఫైల్: అని, వెంటనే ఈ డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డర్, అందులోని ఇన్‌స్టాల్ ఫైల్ దారి ఇవ్వండి. మీ ఎడిషన్ పక్కన ఉన్న నంబర్ చూసుకోండి.

తర్వాత రీస్టోర్‌హెల్త్ కమాండ్‌నే మళ్లీ కొట్టి, చివర /సోర్స్: అని, ‘విమ్’ అని, కోలన్ పెట్టి, అదే ఫైల్ దారి, మళ్లీ కోలన్, ఇండెక్స్ నంబర్. ఫైల్ ఈఎస్‌డీ అయితే ‘విమ్’ బదులు ‘ఈఎస్‌డీ’. ఆఖరున /లిమిట్‌యాక్సెస్ అని చేర్చితే అప్‌డేట్ వైపు వెళ్లకుండా మనం చూపించిన చోటే వెతుకుతుంది.

ఇది పని చేస్తే ఎస్‌ఎఫ్‌సి మరోసారి కొట్టి రీస్టార్ట్ చేయండి. ఐఎస్‌ఓ పాతదై, కంప్యూటర్‌లో దాని తర్వాతి అప్‌డేట్లు ఎక్కి ఉంటే, కావాల్సిన వెర్షన్ ఫైల్ దొరక్క ఇదే ఎర్రర్ మళ్లీ రావచ్చు. ఏ ఫైల్ దగ్గర ఆగిందో విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్ కింద ఉండే సీబీఎస్, డిస్మ్ లాగ్ ఫైళ్లలో ఉంటుంది. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరినుంచి పైకి చదవండి.

అప్పటికీ కాకపోతే

ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్ అనేది తర్వాతి మెట్టు. విండోస్ నడుస్తుండగానే ఒరిజినల్ ఐఎస్‌ఓలోని సెటప్ ఫైల్ రన్ చేసి, ‘ఫైళ్లు, యాప్‌లు ఉంచు’ అనే ఆప్షన్ ఎంచుకోవాలి. మీ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు ఉండగానే విండోస్ మొత్తం కొత్తగా పడుతుంది, స్టోర్ కూడా తిరిగి వస్తుంది. దీనికి ఎడిషన్, భాష, 32/64 బిట్ కలవాలి, ఐఎస్‌ఓ వెర్షన్ మీదానికి సమానంగా లేదా కొత్తగా ఉండాలి, సి డ్రైవ్‌లో బాగా ఖాళీ కావాలి. బాగా కోసిన విండోస్‌లలో యాప్‌లు ఉంచే ఆప్షన్ నొక్కడానికి రాదు, లేదా సెటప్ మధ్యలో వెనక్కి తిరిగిపోతుంది.

ముప్పాళ్ళ కంప్యూటర్‌లో సోర్స్ ఇచ్చినా డిస్మ్ ఒప్పుకోలేదు, ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్‌లో యాప్‌లు ఉంచే ఆప్షన్ రాలేదు. నారుమడి లేదని తేలిపోయింది. అక్కడితో రిపేర్ మాట వదిలేసి, బ్యాకప్ సరిచూసుకుని, ఒరిజినల్ విండోస్ 10తో క్లీన్ ఇన్‌స్టాల్ చేశాను. తర్వాత తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేయగానే పాత ఫైళ్ల లైన్లు సర్దుకున్నాయి.

ఇలా చేసేటప్పుడు యాక్టివేషన్ గురించి ముందే ఆలోచించండి. లైట్ విండోస్‌లో ‘యాక్టివేటెడ్’ అని కనపడినంత మాత్రాన లైసెన్స్ ఉన్నట్టు కాదు. కంప్యూటర్ కొన్నప్పుడే అసలు లైసెన్స్ ఉంటే, అదే ఎడిషన్ వేసినప్పుడు నెట్ తగలగానే సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. లేకపోతే కొనాల్సిందే.

స్పీడూ కావాలి, రిపేరూ కావాలి అంటే

లైట్ విండోస్ వేసుకునేవాళ్ల బాధ నిజమే. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్‌తో కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ప్రతి నిమిషం బరువే. కానీ స్పీడ్ కోసం కోయాల్సింది స్టోర్‌ను కాదు.

మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. పాత కంప్యూటర్‌కు దీన్ని మించిన మందు లేదు. రెండోది, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయండి. మూడోది, అక్కర్లేని యాప్‌లు మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ లిస్టు తగ్గించండి. సర్వీసులు ఆపాలనుకుంటే డిసేబుల్ చేయండి, డిలీట్ చేయకండి. రేపు కావాలంటే ఒక్క క్లిక్‌తో తిరిగి వస్తాయి.

సొంతంగా కస్టమైజ్ చేసుకుందామనే సరదా ఉంటే మైక్రోసాఫ్ట్ ఐఎస్‌ఓతోనే మొదలుపెట్టండి. ముందు వర్చువల్ మెషీన్‌లో వేసి మీ ప్రింటర్, తెలుగు, అప్‌డేట్, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ అన్నీ నడుస్తున్నాయో లేదో చూడండి. ఏమేం తీశారో ఒక లిస్టు రాసి పెట్టండి. ఆ లిస్టు ఉంటే రేపు ఎర్రర్ వచ్చినప్పుడు పాడైందా, తీసేశారా అన్న ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉంటుంది.

ఎవరో చేసిన విండోస్ విషయంలో స్పీడ్ కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏం తీశారో మనకు తెలియదు సరే, ఏం కలిపారో కూడా తెలియదు. ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఊళ్లో సగం మంది ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు ఉంటాయి. డిఫెండర్, అప్‌డేట్ రెండూ పీకేసిన విండోస్ మీద వాటిని పెట్టడం, తలుపు లేని ఇంట్లో పక్కింటివాళ్ల నగలు దాచినట్టు. నష్టం మనదొక్కటే అయితే మన ఇష్టం, ఇది మనల్ని నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్లది.

విండోస్ 10లోనే ఉండాలనుకునే ఇళ్లవాళ్లకు మైక్రోసాఫ్ట్ ‘ఈఎస్‌యూ’ పేరుతో సెక్యూరిటీ అప్‌డేట్లను మొదట 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చింది. దానికి ఎన్‌రోల్ కావాలన్నా విండోస్ అప్‌డేట్ బతికి ఉండాలి. లైట్ వెర్షన్‌లో ఆ అవకాశం కూడా పోతుంది.

ఫోన్‌లోనూ ఇదే లెక్క

ఏడీబీతో ఫోన్‌లో బ్లోట్‌వేర్ తీసేసేవాళ్లు ఈ తేడా గమనించాలి. ‘పీఎం అన్‌ఇన్‌స్టాల్’ కమాండ్‌లో ‘యూజర్ 0’ అని ఇచ్చి తీస్తే సిస్టమ్ యాప్ మీ యూజర్‌కు మాత్రమే పోతుంది. అసలు ఏపీకే సిస్టమ్ పార్టిషన్‌లో అలాగే ఉంటుంది. ‘ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్’ కమాండ్‌తో గానీ, ఫ్యాక్టరీ రీసెట్‌తో గానీ తిరిగి వస్తుంది. నారుమడి ఉందన్నమాట. రూట్ చేసి సిస్టమ్ పార్టిషన్‌లోంచే డిలీట్ చేస్తే అది లేనట్టే. వెరిఫైడ్ బూట్ ఆన్‌లో ఉన్న ఫోన్ ఆ మార్పు పసిగట్టి బూట్ కాకపోవచ్చు కూడా. అప్పుడు సరిగ్గా అదే మోడల్, అదే రీజియన్ స్టాక్ ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేయాలి, డేటా మీద ఆశ వదులుకోవాలి.

ఒక్కసారి వరుస చూసుకుందాం

1. బ్యాకప్.
2. ఎర్రర్‌లోని ఫైల్ అసలు విండోస్‌దేనా? కాకపోతే దాని ప్యాకేజీ వేయండి.
3. ఆప్షనల్ ఫీచరా? సెట్టింగ్స్‌లో యాడ్ చేయండి.
4. సర్వీస్ ఆగిందా, లేదా? 1058 అయితే ఆన్ చేయండి. 1060 అయితే ముందుకు వెళ్లండి.
5. డిస్మ్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సి.
6. 081ఎఫ్ ఎర్రర్ వస్తే సరిపోయే ఒరిజినల్ ఐఎస్‌ఓను సోర్స్‌గా ఇవ్వండి.
7. ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్.
8. అదీ కాకపోతే క్లీన్ ఇన్‌స్టాల్.

ఆరో మెట్టు దాటాక కూడా రోజంతా కొత్త కొత్త కమాండ్‌లు వెతుక్కుంటూ కూర్చోకండి. సోర్స్ చూపించినా స్టోర్ బాగుపడలేదంటే ఆ విండోస్‌లో మందు పనిచేసే చోటు మిగల్లేదు. ఏడో మెట్టు ఒక్కసారి ప్రయత్నించి, కుదరకపోతే ఎనిమిదో మెట్టుకు వెళ్లిపోవడమే టైమ్ మిగిల్చే దారి. బ్యాకప్ ఉంటే ఆ మెట్టు భయపడాల్సింది కాదు, ఒక పూట పని మాత్రమే.